కబురు అందింది సరే, సంగతి చేరిందా?

మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ గ్లాసు పుచ్చుకుని వరండాలో కూర్చున్నానో లేదో, మా మేనల్లుడు గేటు తీసుకుని లోపలికి వచ్చాడు. మామూలుగా అయితే వాడు వస్తూనే "అత్తయ్యా, టిఫినేమిటి?" అంటూ తిన్నగా వంటింట్లోకి వెడతాడు. ఆవేళ మాత్రం ముఖం వేలవేసుకుని నా యెదుట కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమిరా, అలా వున్నావేం?" అన్నాను.

"మామయ్యా, నువ్వు తెలుగు ఎమ్.ఏ. చదివావు. ఇరవై యేళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్నావు. ఇది చదివి ఇందులో ఒక్క తప్పు వుంటే చూపించు" అని సెల్‌ఫోను నా చేతికిచ్చాడు.

వాడికి ఇరవైనాలుగేళ్ళు. ఒక ప్రైవేటు పాల డెయిరీలో ఉద్యోగం. పద్ధెనిమిది వూళ్ళలో పాల సేకరణ చూడడం వాడి పని. వూరికొక కేంద్రం, కేంద్రానికొక ఏజెంటు. ఆ పద్ధెనిమిదిమందికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు వుంది. కబుర్లన్నీ అందులోనే నడుస్తాయి. గురువారం సాయంత్రం వాడు ఆ గ్రూపులో పెట్టిన కబురు ఇది:

"అందరికీ నమస్కారములు. పాల నాణ్యత విషయంలో మన సంస్థ ఎల్లప్పుడూ ముందంజలో ఉన్నదన్న సంగతి మీకు తెలిసినదే. ఇందుకు మీ అందరి సహకారమే కారణమని యాజమాన్యం భావిస్తున్నది. అయితే శీతల కేంద్రములో యంత్రముల మరమ్మతు చేపట్టవలసి ఉన్న కారణంగా రేపటి సేకరణ సమయములలో స్వల్ప మార్పులు అనివార్యమైనందున, వ్యాను సాధారణ సమయమునకంటె ముందుగా వచ్చును గనుక, తగు ఏర్పాట్లు చేసి సహకరించవలసినదిగా కోరడమైనది."

నేను పైకే చదివాను. చదువుతూ, 'ఫరవాలేదు, మావాడు బాగానే రాశాడు' అనుకున్నాను కూడాను. అక్షర దోషం లేదు. వాక్యం పొడుగే గాని అన్వయం కుదిరింది. ఇంతలో వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది: "ఇంతకీ వ్యాను ఎన్నింటికి వస్తుందిరా?"

నేను మళ్ళీ చూశాను. మావాడూ చూశాడు. ఎన్నింటికో ఎక్కడా లేదు!

"గంట ముందు వస్తుందత్తయ్యా. అది డ్రైవరుకి చెప్పాను" అన్నాడు వాడు, గొంతు తగ్గించి.

శుక్రవారం పొద్దున్న జరిగింది ఇది. వ్యాను గంట ముందు బయలుదేరింది. పదకొండు వూళ్ళ ఏజెంట్లు ఫోను చేసి సంగతి కనుక్కున్నారు గనుక అక్కడ పాలు అందాయి. ఏడు వూళ్ళలో మాత్రం క్యాన్లు సిద్ధంగా లేవు. వ్యాను ఆగలేదు, ఆగితే తక్కినవాళ్ళ పాలు పాడవుతాయి. అసలే ఎండలు. రైతులు ఎప్పటి వేళకు పాలు తెచ్చి కేంద్రం ముందు నిలబడ్డారు. తొమ్మిదింటికల్లా క్యాన్లలో పాలు విరిగిపోయాయి. రైతులు ఏజెంట్ల మీద విరుచుకుపడితే, ఏజెంట్లు మావాడి మీద పడ్డారు. పై అధికారి సోమవారం నాటికి సంజాయిషీ రాసిమ్మన్నాడు.

"నేను రాశాను గదా మామయ్యా! చూడు, అందరూ చదివినట్టు నీలి గీతలు కూడా పడ్డాయి. ఆ మాటే సంజాయిషీలో రాస్తాను. నా కబురులో తప్పు లేదని నువ్వు చెబితే నాకు ధైర్యం" అన్నాడు.

వాడు వచ్చిన పని అదన్న మాట!

అందడం వేరు, చేరడం వేరు

కబురు అందడం వేరు, సంగతి చేరడం వేరు. పోస్టుమాన్ ఉత్తరం చేతికిస్తే అందినట్టు. చదివినవాడు లేచి చెయ్యవలసిన పని చేస్తే చేరినట్టు. ఫోనులో పడే నీలి గీతలు మొదటి దానికే సాక్ష్యం గాని, రెండో దానికి కావు.

మా చిన్నప్పుడు మా వూళ్ళో దండోరా వేసేవారు. ముందు డప్పు మోగేది. పిల్లలం పరిగెత్తేవాళ్ళం, ఆడవాళ్ళు వీధిగుమ్మంలోకి వచ్చేవారు. అందరి చెవులూ తనవైపు తిరిగాయని తెలిసిన తరువాతనే ఆ డప్పు మనిషి నోరు విప్పేవాడు. "రేపు పొద్దున్న చెరువు దగ్గర పశువుల డాక్టరు గారు వస్తారు, గొడ్లను తోలుకు రావాలహో!" ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, మనం చెయ్యవలసిందేమిటి, అన్నీ ఒక్క వూపిరిలో వచ్చేవి. తరువాత వీధిలో మళ్ళీ అదే. ఆయన యే కాలేజీలోనూ చదవలేదు. కాని ఆయన చెప్పింది విని, "ఇంతకీ డాక్టరు ఎప్పుడొస్తాడు?" అని అడిగినవాళ్ళు లేరు.

మనం నాలుగు అక్షరాలు నేర్చుకుని ఆఫీసు కుర్చీలో కూర్చోగానే ఆ డప్పు మనిషి విద్య మరచిపోతాం. "తమకు తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెడతాం. తెలియజేయవలసింది నాలుగో వాక్యం దాకా రాదు.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. కథల్లోకి, పత్రికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి వాడుక భాష వచ్చింది. 1966లో ఆంధ్రప్రదేశ్‌లో అధికార భాషా చట్టం కూడా వచ్చింది. అయినా ఆఫీసు కాగితం పట్టుకునేసరికి 'ములు', 'చును', 'డమైనది' యెక్కడినుంచో వచ్చి కలం మీద వాలుతాయి. మావాడు యింట్లో అలా మాట్లాడడు. ఆ ఏజెంట్లతో ఫోనులోనూ అలా మాట్లాడడు. రాసేటప్పుడు మాత్రం వాడికి కొత్త గొంతు వస్తుంది. అది పెద్దరికం అనుకుంటాడు.

కౌటిల్యుడు చెప్పిన ఆరు గుణాలు

"అయితే పల్లెటూరి భాషలో రాయమంటావా?" అన్నాడు మేనల్లుడు, కొంచెం నొచ్చుకుని.

నేను లేచి వెళ్ళి బీరువాలోంచి కౌటిల్యుని అర్థశాస్త్రం తీశాను. ఈ గ్రంథం చాలా కాలం కంటబడకుండా వుండి, మైసూరులో తాళపత్ర ప్రతి దొరికిన తరువాత 1909లో అచ్చయింది. పన్నులు, గూఢచారులు, కోటలు, యుద్ధాలు అన్నీ వున్నాయి గాని, రెండో అధికరణం పదో అధ్యాయంలో రాజుగారి ఆఫీసులో ఉత్తరాలు యెలా రాయాలో వుందని చాలామందికి తెలియదు. మంచి లేఖకు అక్కడ ఆరు గుణాలు చెప్పారు: అర్థక్రమం, సంబంధం, పరిపూర్ణత, మాధుర్యం, ఔదార్యం, స్పష్టత్వం.

అర్థక్రమం అంటే ప్రధానమైన సంగతి ముందు పెట్టి, తక్కినవి వరుసలో చెప్పడం. మావాడి కబురులో ప్రధానమైనది వ్యాను వేళ. అది అసలు లేనే లేదు. సంబంధం అంటే ముందు చెప్పినదానికి తరువాత చెప్పేది అడ్డు రాకుండా సాగడం. పరిపూర్ణత అంటే మాట ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. మావాడు ఈ రెండు తప్పులూ ఒక్క కబురులోనే చేశాడు: సంస్థ గొప్పతనం ఎక్కువ, గంట లెక్క తక్కువ. మాధుర్యం అంటే ఇంపుగా, తేలికగా అర్థమయ్యే మాట. ఔదార్యం అంటే మోటుమాట లేకపోవడం. స్పష్టత్వం అంటే అందరికీ తెలిసిన మాటలే వాడడం.

దోషాలు కూడా చెప్పారు. అకాంతి, అంటే చూడగానే చదవబుద్ధి కాని రాత. వ్యాఘాతం, అంటే ముందు ఒకటి, వెనక ఒకటి చెప్పడం. పునరుక్తం, అంటే చెప్పిందే చెప్పడం. అపశబ్దం, అంటే వ్యాకరణం తప్పడం. సంప్లవం, అంటే ఎక్కడ ఆపాలో అక్కడ ఆపకుండా, విడగొట్టవలసినవి కలిపి, కలపవలసినవి విడగొట్టడం.

"చూశావుట్రా? స్పష్టంగా రాయడం పల్లెటూరితనం కాదు. రాజ శాసనానికే అది లక్షణం" అన్నాను.

మా ఆవిడ ఉప్మా ప్లేట్లు తెచ్చి బల్ల మీద పెడుతూ, "దానికి కౌటిల్యుడెందుకండీ? హనుమంతుడు చాలడూ?" అంది. నిజమే! సుందరకాండలో హనుమంతుడు లంకనుంచి తిరిగి వచ్చి, సముద్రమెంత పెద్దది, తానెన్ని కష్టాలు పడ్డాడు అని మొదలుపెట్టలేదు. కాచుకుని వున్నవాళ్ళ ప్రాణాలు కుదుటపడే మాట, సీతమ్మ కనిపించిందన్న మాట, ముందు చెప్పాడు. కథంతా తరువాత.

"ఏ ఫిరంగులు?"

రాసేవాడు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది. తనకు కనిపిస్తున్నది అవతలివాడికీ కనిపిస్తోందనుకోవడం. "గంట ముందని డ్రైవరుకి చెప్పాను" అని మావాడు అన్నది ఇదే. ఈ పొరపాటుకు ప్రపంచ చరిత్రలో చాలా పెద్ద ఖరీదు కట్టిన రోజొకటి వుంది.

1854 అక్టోబరు 25. క్రిమియా యుద్ధంలో బాలక్లావా దగ్గర పోరు. ఇంగ్లీషు సేనాని లార్డ్ రాగ్లన్ కొండమీద వున్నాడు. పట్టుబడిన ఫిరంగులను రష్యావాళ్ళు పక్క మిట్టమీదనుంచి లాక్కుపోతున్నట్టు ఆయనకు కనబడింది. గుర్రపుదళం వెంటనే ముందుకు వెళ్ళి, శత్రువులు ఫిరంగులు తీసుకుపోకుండా ఆపవలసిందని చీటీ రాయించాడు. ఏ ఫిరంగులో రాయలేదు. ఆయనకు తెలుసు గదా! ఆ చీటీ అందుకున్న లార్డ్ లూకన్ కింద లోయలో వున్నాడు. అక్కడినుంచి ఆ మిట్టమీది ఫిరంగులు కనబడవు. చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ను అడిగితే ఆయన చేయి వూపి ఒక దిక్కు చూపించాడు. లోయ చివర బారులు తీరిన రష్యా ఫిరంగుల మీదికే తమను వెళ్ళమన్నారని లూకన్ అనుకున్నాడు. సుమారు 670 మంది రౌతులు మూడువైపులా ఫిరంగుల మధ్యకు స్వారీ చేశారు. సుమారు 110 మంది చనిపోయారు. మొదట పడిపోయినవాళ్ళలో చీటీ తెచ్చిన నోలనే వున్నాడు.

ఆ చీటీ పొట్టిదే. అక్షరాలు తప్పలేదు. ఒకే ఒక్క మాట, ఏ ఫిరంగులన్నది, లోపించింది. కాబట్టి పొట్టిగా రాస్తే చాలదు. చదివేవాడు కూర్చున్నచోటికి మనసులో వెళ్ళి కూర్చుని, అక్కడినుంచి ఏమి కనబడుతుందో చూసి రాయాలి.

మరొకటి, కబురుకు తలకట్టు వుండాలి. ఇది దండోరాలో డప్పు వంటిది. 1912 ఏప్రిల్ 14 రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండల వైపు పోతోంది. కొంత దూరంలో మంచులో చిక్కుకుని ఆగిపోయిన కాలిఫోర్నియన్ ఓడనుంచి వైర్‌లెస్ ఆపరేటరు హెచ్చరిక పంపబోయాడు. ఓడ కెప్టెనుకు అందించవలసిన కబురైతే మొదట దానికో ప్రత్యేకమైన గుర్తు వుండేది. ఆయన ఆ గుర్తు పెట్టకుండా, తోటి ఆపరేటరుతో కబుర్లాడినట్టు మొదలుపెట్టాడు. టైటానిక్ ఆపరేటరు అప్పుడు ప్రయాణీకుల సందేశాలు పంపే పనిలో మునిగి వున్నాడు, అడ్డురావద్దని కసిరాడు. కాసేపటికి కాలిఫోర్నియన్ ఆపరేటరు పడుకున్నాడు. రాత్రి 11.40కి టైటానిక్ మంచుకొండను కొట్టుకుంది. దాదాపు 1,500 మంది ప్రాణాలు పోయాయి. ఆ ప్రమాదానికి ఇదొక్కటే కారణమని అనలేం. కాని చెప్పవలసిన సంగతి చెప్పవలసిన తీరులో మొదలు కాకపోతే, అవతలివాడి చెవిదాకా కూడా పోదనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

పొద్దున్నే గ్రూపులో పువ్వుల బొమ్మలు, సుప్రభాతాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడుతూవుంటాయి. వాటి మధ్య మన అత్యవసరమైన కబురు కూడా "అందరికీ నమస్కారములు" అనే మొదలైతే, దాన్ని కూడా మరొక పువ్వే అనుకుని వేలితో పైకి తోసేస్తారు.

మాటకు డబ్బు కట్టిన రోజులు

మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. 'తార' వచ్చిందంటే ఇల్లంతా గుండె పట్టుకునే కాలం నాకు లీలగా జ్ఞాపకం వుంది. తారలో మాటకింత అని డబ్బు. అందుకని పోస్టాఫీసు బల్ల దగ్గర నిలబడి, రాసిన మాటలు లెక్కపెట్టి, అక్కరలేనివి కొట్టేసేవారు. డబ్బు పోతుందన్న భయం పెద్ద గురువు! ఇప్పుడు ఫోనులో మాటకు ఖర్చు లేదు. రాసేవాడికి ఖర్చు లేదు గాని, చదివేవాడికి వుంది: వాడి సమయం. పద్ధెనిమిదిమంది చదివే కబురులో ఒక్క నిమిషం వృథా చేస్తే, పద్ధెనిమిది నిమిషాలు వృథా చేసినట్టు.

1940 ఆగస్టులో, యుద్ధం ముమ్మరంగా నడుస్తూవుండగా, ఇంగ్లండు ప్రధాని చర్చిల్ తన ఆఫీసులకు ఒక నోటు పంపాడు. రిపోర్టులు మరీ పొడుగ్గా వుంటున్నాయి, ముఖ్యాంశాలు చిన్న చిన్న పేరాల్లో రాయండి, చిక్కు వివరాలు, అంకెలు వుంటే విడిగా అనుబంధంలో పెట్టండి అని దాని సారాంశం. బాంబులు పడుతున్న రోజుల్లో కూడా ఒక ప్రధాని కూర్చుని ఈ సంగతి రాయవలసి వచ్చిందంటే, అది చిన్న విషయం కాదు.

తెలుగువాళ్ళం ప్రత్యేకంగా చూసుకోవలసినవి

మన భాష స్వభావంవల్ల మనకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులు కొన్ని వున్నాయి. తెలుగు మేష్టారుగా ఇవి చెప్పకపోతే నా మనసు వూరుకోదు.

మొదటిది కర్త మాయమవడం. "లెక్కలు రేపు పంపాలి" అంటాం. ఎవరు పంపాలి? నేనా, నువ్వా, వాళ్ళా? తెలుగులో 'పంపాలి' అన్న క్రియ అందరికీ ఒకటే. ఎదురుగా వుండి మాట్లాడేటప్పుడు చూపు చెబుతుంది. కాగితం మీద చూపు లేదు. అందుకని పేరో హోదావో రాయాలి: "లెక్కలు గుమాస్తాగారు పంపాలి." 'చర్య తీసుకోబడును', 'కోరడమైనది' అన్నవి ఈ జబ్బుకు ముదిరిన రూపాలు. ఎవరు తీసుకుంటారో, ఎవరు కోరారో దేవుడికే తెలియాలి.

రెండోది 'మీరు'. మనకు మర్యాదకూ 'మీరే', బహువచనానికీ 'మీరే'. పదిమంది వున్న గ్రూపులో "మీరు వచ్చేటప్పుడు తాళంచెవులు తీసుకురండి" అంటే, పదిమందీ పక్కవాణ్ణి అన్నారనుకుంటారు. తాళంచెవులు రావు.

మూడోది 'రేపు'. బుధవారం రాత్రి రాసిన 'రేపు'ను గురువారం పొద్దున్న చదివినవాడికి అది శుక్రవారం. తేదీ, వారం రెండూ రాయాలి. 'ఎనిమిదింటికి' అంటే పొద్దుటా, రాత్రా? అదీ రాయాలి.

నాలుగోది మర్యాద. పెద్దవారికి రాసేటప్పుడు నేరుగా అడిగితే బాగుండదేమోనని చుట్టూ తిప్పుతాం. ముందు ఒక్క నమస్కారం పెట్టి, "నాకు 12, 13 తేదీల్లో సెలవు కావాలండి. మా నాన్నగారికి కంటి ఆపరేషను. నా పని మా సెక్షనులో పక్కసీటాయన చూస్తానన్నారు" అని రాస్తే అమర్యాద ఏమున్నది? అందులో 'అండి' వుంది, కారణం వుంది, ఆయనకు కలిగే ఇబ్బందికి ఉపాయం కూడా వుంది. అవతలివారి సమయం తినకపోవడంకంటె మర్యాద లేదు.

ఐదోది కోపం. తప్పు చేసినవాణ్ణి నలుగురూ చదివే గ్రూపులో మందలించకండి. మెచ్చుకోలు నలుగురిలో, మందలింపు చాటున. మన పెద్దలు యింట్లో కోడలి విషయంలో, కొడుకు విషయంలో పాటించిన పద్ధతే ఆఫీసుకూ వర్తిస్తుంది. కోపంతో రాసినదాన్ని రాత్రికి అలాగే వుంచి, పొద్దున్న చదివి అప్పుడు పంపండి. చాలామటుకు పంపబుద్ధి కాదు.

ఈ మాటలన్నీ అయిన తరువాత మేనల్లుడూ నేనూ కలిసి గురువారంనాటి కబురు తిరగరాశాం:

"రేపు, శుక్రవారం ఉదయం, పాలవ్యాను గంట ముందు వస్తుంది. రోజూ 7కి వచ్చే వూరికి రేపు 6కే వస్తుంది. ఏజెంట్లు ఈ సాయంత్రమే రైతులకు చెప్పి, వ్యాను వేళకు పావుగంట ముందే క్యాన్లు సిద్ధంగా వుంచాలి. కారణం: శీతల కేంద్రంలో మరమ్మతు. ఈ మార్పు రేపు ఒక్కరోజుకే. చదవగానే మీ వూరి పేరు రాసి 'సరే' అని పెట్టండి. రాత్రి 8 గంటలలోగా జవాబు రాని వూళ్ళకు నేనే ఫోను చేస్తాను."

దీన్లో చివరి రెండు వాక్యాలే ముఖ్యం. సంగతి చేరిందో లేదో తెలుసుకునే బాధ్యత రాసినవాడిదే.

బీరువాలో కాగితం

అంతా విని మావాడు తల వూపాడు గాని, "ఇదంతా ఇకమీదటి సంగతి మామయ్యా. రేపటి సంజాయిషీలో మాత్రం 'అందరికీ తెలియజేశాను, వారు శ్రద్ధగా చదవలేదు' అనే రాస్తాను. అది అబద్ధం కాదు గదా?" అన్నాడు.

అప్పుడు నేను అదే బీరువాలోంచి, అర్థశాస్త్రం కింద వున్న ఒక పాత కాగితం తీసి వాడి ముందు పెట్టాను. 2012లో నేను రాసిన నోటీసు అది. అప్పుడు నేను కాలేజీలో పరీక్షల పని చూసేవాణ్ణి. డిగ్రీ విద్యార్థులు పరీక్ష ఫీజు కట్టవలసిన గడువు గురించి నోటీసు రాసి బోర్డు మీద పెట్టాను. మొదటి వాక్యంలో విద్య మహిమ చెప్పాను. రెండో వాక్యంలో క్రమశిక్షణ గొప్పతనం చెప్పాను. సమాసాలు పడ్డాయి. తోటి లెక్చరర్లు "అబ్బ, ఏం రాశారండీ!" అన్నారు. గడువు తేదీ ఆఖరి వాక్యం మధ్యలో వుంది.

బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి వుండేది. ఫైనలియరు. గడువులన్నీ దాటిన మర్నాడు ఆ పిల్ల రుమాలులో డబ్బు మూటకట్టుకుని నా దగ్గరకు వచ్చింది. నేను ఆఫీసులో అడిగాను, పై వాళ్ళకు ఫోను చేశాను. అపరాధ రుసుముతో కట్టే తేదీ కూడా దాటిపోయిందన్నారు. "బోర్డు మీద నోటీసు పెట్టాం కదమ్మా!" అన్నాను నేను. సరిగ్గా మా మేనల్లుడు అన్న మాటే.

"చూశానండీ. రెండు వరసలు చదివి, ఏదో సభ గురించి అనుకున్నానండీ. బస్సుకు టైమయిపోతోందని వెళ్ళిపోయాను. తప్పు నాదేనండీ" అని కళ్ళు తుడుచుకుంది.

తప్పు నాదే అని ఆ పిల్ల అంది. నేను అనలేదు. అనవలసింది నేను.

మరుసటి యేడు పరీక్ష ఫీజు కట్టినవారి జాబితా వచ్చినప్పుడు పైనుంచి కిందిదాకా ఆ పేరు కోసం వెతికాను. లేదు. ఆ పై యేడూ లేదు. ఆ రోజునుంచి ఈ కాగితం దాచుకున్నాను. యే నోటీసు రాయవలసి వచ్చినా ముందు దీన్ని తీసి ఒకసారి చూసుకుంటాను. తరువాత తేదీ పెద్ద అక్షరాలతో మొట్టమొదట రాస్తాను. క్లాసు క్లాసుకూ వెళ్ళి, "ఫీజు ఎప్పటిలోగా కట్టాలి?" అని పిల్లలచేతనే చెప్పిస్తాను.

మావాడు ఆ కాగితం చేత్తో పట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. మా ఆవిడ కూడా ఆ కథ అంతవరకూ యెరగదు. ఉప్మా చల్లారిపోయింది.

ఆఖరికి వాడు జేబులోంచి పెన్ను తీసి, నన్ను తెల్లకాగితం అడిగి, సంజాయిషీ రాసుకున్నాడు. ఐదే ఐదు వాక్యాలు: "శుక్రవారం ఏడు వూళ్ళలో పాలు విరిగిపోవడానికి నా కబురే కారణం. వ్యాను గంట ముందు వస్తుందని నేను అందులో రాయలేదు. ఏజెంట్ల తప్పు గాని, రైతుల తప్పు గాని లేదు. ఆ పూట పాల డబ్బు రైతులకు ఇప్పించవలసిందని నా మనవి. ఇకమీద వేళ మారినప్పుడు ప్రతి వూరి జవాబు తీసుకుని, జవాబు రాని వూరికి ఫోను చేస్తాను."

నేను ఎర్రసిరా పెన్ను తీయవలసిన అవసరం రాలేదు. కౌటిల్యుడు చెప్పిన ఆరు గుణాలూ అందులో వున్నాయి. ఆయన జాబితాలో చెప్పని ఏడోది కూడా వుంది: రాసినవాడు దానికి పూచీ పడ్డాడు.

పై అధికారి ఏమంటాడో ఈ వ్యాసం రాసే వేళకు ఇంకా తెలియదు. ఏమన్నా అననివ్వండి. ఆ రాత్రి మావాడు ఏజెంట్ల గ్రూపులో కూడా క్షమాపణ చెప్పి, కొత్త పద్ధతి వివరించి, వూరి పేరుతో జవాబు పెట్టమన్నాడట. తొమ్మిదింటికి నాకు ఫోను చేశాడు.

"మామయ్యా, పదిహేడు 'సరే'లు వచ్చాయి" అన్నాడు.

"పద్ధెనిమిదోది?"

"ఇప్పుడే ఆయనకు ఫోను చేసి, మాట్లాడి, నీకు చేస్తున్నాను."

"సరే" అన్నాను.